అత్తాకోడళ్లకు నెలకు ఎంత కావాలి?

2003వ సంవత్సరం, ఎండాకాలం. కోయిలకుంట్ల మెజిస్ట్రేట్ కోర్టులో నేను వకీలుగా అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నాను. నల్లకోటు వేసుకున్న ఆడమనిషి ఎట్లా ఉంటుందో చూసిపోదామని కొందరు వరండా దాకా వచ్చేవాళ్లు. చూసినవాళ్లలో ఆడవాళ్లు మాత్రం ఊరికే పోకుండా కేసులు తెచ్చేవాళ్లు. అందుకే నా బల్ల మీద ఎప్పుడూ మెయింటెనెన్స్ కేసులే ఎక్కువ.

మెయింటెనెన్స్ అంటే మనోవర్తి. తనను తాను పోషించుకోలేని భార్యను భర్త వదిలేస్తే, ఆమెకు నెలనెలా ఇంత ఇవ్వాలని కోర్టు నిర్ణయిస్తుంది. కేసు వేసినామె పిటిషనర్, ఎదుటివాడు రెస్పాండెంట్. అంతకు కొంతకాలం ముందు దాకా ఎంత డబ్బున్నవాడైనా నెలకు ఐదు వందలకు మించి ఇప్పించే వీలు చట్టంలో లేదు. ఆ పరిమితి ఎత్తేశాక ఆడవాళ్లకు మేలు జరిగింది, వకీళ్లకు తలనొప్పి మొదలైంది. ఒక మనిషి సుఖంగా బతకడానికి నెలకు ఎంత కావాలి? పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు తేల్చలేని ఆ ప్రశ్నకు ప్రతి పిటిషన్‌లోనూ మేము ఒక అంకె రాయాలి. రాసి ఊరుకుంటే చాలదు, రుజువు చెయ్యాలి.

ఈ కేసుల్లో నాకు తెలిసొచ్చింది ఒకటుంది. మగవాళ్లు ఆదాయం తగ్గించి చెబుతారు, ఆడవాళ్లు అవసరం తగ్గించి చెబుతారు. కోర్టు మెట్లెక్కగానే ఎంతటి ఫ్యాక్టరీ అయినా నష్టాల్లో పడుతుంది. అదే మెట్లెక్కిన ఆడమనిషికేమో ఏ లోటూ ఉండదు.

రమణమ్మ అట్లాంటి మనిషే. ముప్పై అయిదేళ్లుంటాయి. పిల్లల్లేరు. భర్త ఓబుల్‌రెడ్డి బనగానపల్లె పక్క బండల పాలిష్ ఫ్యాక్టరీ పెట్టి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు, కర్నూల్లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఊళ్లో ఇల్లూ, కొంత మెట్టచేనూ, కళ్లు పోయిన అతని తల్లి ఈశ్వరమ్మా రమణమ్మకు మిగిలారు. వరసగా వానలు మొహం చాటేయడంతో చేను బీడు పడింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఇంటి ఖర్చులు చెప్పమన్నాను.

"ఏముంది లాయరమ్మా, జరుగుతాండాది" అంది.

"జరుగుతోందంటే కోర్టు ఒప్పుకోదు. ఎట్లా జరుగుతోందో చెప్పు."

శానాసేపు అడిగితే తప్ప నోరు విప్పలేదు. పక్క ఊరికి నడిచిపోయి శనగచేలల్లో కూలి చేస్తోందట. సొంత ఊళ్లో చేస్తే రెడ్ల ఇంటి కోడలు కూలికి పోతోందని అత్తకు తలవంపులు. అత్తకేమో పుట్టింటికి పోయి వస్తున్నానని చెబుతోంది. ఎండలు ముదిరాక ఆ కూలి కూడా లేదు.

"ఈ సంగతి మీ అత్తకు తెలియదా?"

"తెలిస్తే ముద్ద మింగుతాదా? ముసిలి ప్రాణం. నేను కడుపు మాడ్చుకుంటాండానని తెలిసిందంటే ఆ యమ్మ కంచం ముందు కూడా కూచోదు."

నేను నెలకు మూడు వేలు అడుగుతూ పిటిషన్ వేశాను. ఓబుల్‌రెడ్డి ఐదు వందలు ఇస్తానన్నాడు. ఆ మనిషికి పాత చట్టం మీద అంత మమకారం.

విచారణ రోజు రమణమ్మ కోర్టుకు వచ్చింది, ఆమె కొంగు పట్టుకుని ఈశ్వరమ్మా వచ్చింది. తానూ వస్తానని పట్టుబడితే కాదనలేక వెంటబెట్టుకొచ్చానంది. ముసలామె సాక్షి కాదు కాబట్టి వెనక బెంచీ మీద కూర్చోబెట్టాం. కన్నకొడుకు మీద ఏ తల్లి సాక్ష్యం చెబుతుందని ఆమెను పిలిచే ఆలోచనే నేను చేయలేదు. ఓబుల్‌రెడ్డి మడత నలగని తెల్లబట్టల్లో గోడ పక్కన నిలబడ్డాడు. తల్లి వచ్చిందని చూశాడు గానీ పలకరించలేదు.

ముందు నేను అడిగి చెప్పించేది చీఫ్ ఎగ్జామినేషన్. అందులో రమణమ్మ పెళ్లి సంగతీ, భర్త వదిలేసిన సంగతీ బాగానే చెప్పింది. తర్వాత ఎదుటి వకీలు వేసే ఎదురు ప్రశ్నలు, అంటే క్రాస్ ఎగ్జామినేషన్. ఆయన మా అందరికీ సీనియర్. గట్టిగా అరిచే రకం కాదు, పెదనాన్న లాగా పలకరిస్తూనే మనిషిని గోతిలో దించుతాడు.

"అమ్మా రమణమ్మా, తిండికి నీకేమన్నా లోటుండాదా?"

రమణమ్మ వెనక బెంచీ వైపు చూసింది. ఈశ్వరమ్మ చెవి ఇటే పెట్టి వింటోంది.

"లేదు సార్."

"కట్టుకునేదానికి?"

"ఉండాయి."

"మీ యత్తకు మందులూ మాకులూ?"

"తెస్తాండా."

"అయితే మీరిద్దరూ సుఖంగానే ఉండారు, అంతేనా తల్లీ?"

"బాగుండాము సార్."

ఆయన చల్లగా నవ్వి కూర్చున్నాడు. తనను తాను పోషించుకోలేని భార్యకే మనోవర్తి. బాగున్నామని ఆమె నోటితోనే చెప్పాక కేసులో ఇంకేం మిగులుతుంది? లేచి రెండు మూడు ప్రశ్నలు తిప్పి తిప్పి వేశాను. రమణమ్మ తల వంచుకుంది తప్ప పెదవి విప్పలేదు. ఇంట్లో లేమిని అత్త వినేట్టు నలుగురిలో చెప్పడం కంటే కేసు పోగొట్టుకోవడమే ఆమెకు నయమనిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ పరువు కూడు పెడుతుందా అని అక్కడే అడిగేద్దామన్నంత కోపం వచ్చింది.

అప్పుడు వెనక బెంచీ కదిలింది.

"సామీ, నేనొక మాట జెప్పల్ల" అంది ఈశ్వరమ్మ. లేచి గాలిలో చేతులు తడుముకుంటూ ముందుకు వస్తోంది. కోర్టు జవాను పరుగెత్తి పోయి చెయ్యి పట్టుకున్నాడు.

సీనియర్ గారు అభ్యంతరం చెప్పారు. సాక్షి అన్నవాడు తనకంటే ముందు చెప్పినవాళ్ల సాక్ష్యం వినకూడదు, ఈమె అంతా విన్నది కదా అని. నిబంధన ఆయన చెప్పినట్టే ఉంది. మెజిస్ట్రేటు గారు ఒక క్షణం ఆలోచించి, "విన్నది కాబట్టే చెప్పాలనుకుంటోంది. రానివ్వండి. దానికి విలువ ఎంతివ్వాలో నేను చూసుకుంటాను" అన్నారు. ఈశ్వరమ్మను బోనెక్కించి ప్రమాణం చేయించారు. వయసెంతని గుమాస్తా అడిగితే, "నాకేం తెలుసప్పా, నువ్వే ఏదోటి రాసుకో" అంది.

"కొడుకు మీద నేనేం జెప్పను సామీ. కోడలి మీద జెప్తా. ఈమె అబద్ధమాడింది."

గోడ పక్క ఓబుల్‌రెడ్డికి ధైర్యం వచ్చినట్టుంది, కాస్త ముందుకు జరిగాడు.

"ఏం అబద్ధమమ్మా?" అన్నారు మెజిస్ట్రేటు గారు.

"బాగుండామనింది గదా, అదీ. నాకు సంగటి బెట్టి ఎదురుగా కూచుంటాది. తానూ తింటాండానంటాది. గిన్నెకు గంటె తగిలిచ్చి చప్పుడు జేస్తాది. సంగటి చేత్తో తినేది గదా సామీ, గిన్నె గలగలమంటాదా? నాకు కండ్లు పోయినాయి గాని చెవులు పోలేదు."

రమణమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాను ఇన్నాళ్లూ ఆడిన నాటకం అత్తకు మొదటి నుంచీ తెలుసన్న సంగతి ఆ నిమిషానే ఆమెకు తెలిసింది.

"తెలిసి మీరెందుకు ఊరుకున్నారు?" అన్నారు మెజిస్ట్రేటు గారు.

"నాకు తెలుసని జెప్తే ఆ బిడ్డ చిన్నబోదా? నాకోసరమే కదా ఆ యేసం. అందుకని నాకు ఆకల్లేదని సగం ముద్ద మిగిలిచ్చి లేస్తాంటి. నేను లేస్తే, మిగిలింది ఈమె తింటాది. అట్ల జరుపుకొస్తాండాము."

గుమాస్తా రాయడం ఆపేశాడు. రాయమని ఎవరూ హెచ్చరించలేదు. నేను అప్పటికి ఎన్నో సాక్ష్యాలు విన్నాను. ఏడ్చి చెప్పినవాళ్లను, శాపనార్థాలు పెట్టినవాళ్లను చూశాను. ఇట్లాంటిది మాత్రం వినలేదు. ఒకే గదిలో, ఒకే సంగటి ముద్ద ముందు కూర్చుని, ఇద్దరాడవాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు ఆకలి దాచుకున్నారు. అత్తాకోడళ్లంటే పామూ ముంగిసా అని నవ్వే లోకం ఇది. ఆ లోకంలో పుట్టినవాళ్లేనా వీళ్లిద్దరూ అనిపించింది. కాసేపటి క్రితం మండిన కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

మెజిస్ట్రేటు గారు ఆమెనే అడిగారు. "నెలకు ఎంత ఉంటే మీ ఇద్దరికీ సుఖంగా జరుగుతుందమ్మా?"

"లెక్కలు నాకు రావు సామీ. ఈమె గిన్నె గలగలలాడిచ్చే పని, నేను ఆకల్లేదనే పని, ఆ రెండూ లేకుండా ఉండేటంత ఇప్పిచ్చండి. చాలు."

సుఖంగా బతకడమంటే ఏమిటో చట్టం కూడా చెబుతుంది. ప్రాణం నిలుపుకోవడం ఒక్కటే కాదు, భర్త స్థాయికి తగినట్టు మర్యాదగా బతకడం అని మేము వాదిస్తాం. ఆ మాటను ఇంత తేటగా చెప్పగా నేను వినలేదు. క్రాస్ చేస్తారా అని మెజిస్ట్రేటు గారు ఎదుటి సీనియర్ గారిని అడిగారు. ఆయన లేచి, బోనులోని ముసలామెకు, కనబడదని తెలిసీ, చేతులు జోడించి, "ప్రశ్నలేమీ లేవు" అని కూర్చున్నారు. ఆ రోజు నుంచి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

బయట వరండాలో ఓబుల్‌రెడ్డి తల్లి దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "మ్మా, నాకొక మాట జెప్పకపోతివా?"

"నువ్వు అడిగింటే గదరా నాయనా జెప్పేది" అంది ఈశ్వరమ్మ. ఆ మాటలో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ తగిలింది. కోడలి కొంగు వెతుక్కుని పట్టుకుని ఆమె మెట్లు దిగిపోయింది.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. అడిగిన మూడు వేలూ ఇప్పించారు. తల్లి కూడా కొడుకు నుంచి మనోవర్తి కోరవచ్చునని మెజిస్ట్రేటు గారు నాతో చెప్పించారు. ఈశ్వరమ్మ ఒప్పుకోలేదు. "ఇద్దరికీ ఒక పొయ్యే గదమ్మా" అంది. ఓబుల్‌రెడ్డి పై కోర్టుకు పోకుండా డబ్బు కడుతూ వచ్చాడు. తిరిగి ఇంటికి వచ్చాడని మాత్రం నేను వినలేదు.

ఆ తర్వాత ఎన్ని మెయింటెనెన్స్ కేసులు చేశానో గుర్తు లేదు. ఒకటి మాత్రం మార్చుకున్నాను. వచ్చినామెను ఖర్చెంతని ముందుగా అడగడం మానేశాను. మీ ఇంట్లో అందరికంటే చివర తినేది ఎవరు, వాళ్లకు ఏం మిగులుతుంది అని అడుగుతాను. ఆ జవాబు దొరికితే అంకె దానంతట అదే వస్తుంది. నా జూనియర్లు ఈ ప్రశ్న విని మొదట నవ్వుతారు. నాలుగు కేసులు చేశాక వాళ్లూ అదే అడుగుతారు.

తీర్పు వచ్చిన ఏడాదే వానలు పడ్డాక, అహోబిలం పోయి వస్తూ రమణమ్మ వాళ్ల ఊళ్లో ఆగాను. భోజనం చెయ్యందే కదలనివ్వలేదు. ముగ్గురం కింద కూర్చున్నాం. అన్నం, పప్పు, చెనిక్కాయల పొడి. రమణమ్మ వడ్డించి, తన కంచంలో పెట్టుకుని, "తిను అత్తా" అంది. ఈశ్వరమ్మ తన కంచం ముట్టలేదు. చెయ్యి చాచి కోడలి కంచం తడుముకుంది, అందులోని అన్నం మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఉందని తెలిశాక అదే చేత్తో తన ముద్ద కలుపుకుంది.