డిజిటల్ డైరీలో ఖమర్ పాటలు

కొల్లాపూర్ బస్టాండు ఎదుటి డబ్బా కొట్టులో గడియారాలు బాగుచేసే లియాఖత్ అలీకి ఒక పిచ్చి ఉండేది. భార్య ఖమర్ పాడే పాటలన్నీ రాసి దాచుకోవడం. ఊళ్లో అందరూ నవ్వేవాళ్లు, నవ్వనీ.

ఖమర్ ఢోలక్ ముందేసుకుందంటే పెళ్లింట్లో ఆడవాళ్లంతా పని వదిలేసి చుట్టూ చేరాల్సిందే. పెళ్లికొడుకు తల్లిని, ఆడబిడ్డల్ని, ఆఖరికి వంటవాణ్ణి కూడా వదలకుండా వెక్కిరిస్తూ అప్పటికప్పుడు పాట కట్టేది. ఆమెకు రాయడం రాదు. ఇంటికొచ్చాక మళ్లీ పాడించుకుని లియాఖత్ ఉర్దూలో నోటుపుస్తకానికి ఎక్కించేవాడు.

"పెండ్లి అయిపోయినంక గా పాట ఎవలికి కావాలె?" అని ఆమె విసుక్కునేది. విసుక్కుంటూనే పాడేది.

తొంభై రెండులో కామెర్లొచ్చి పోయింది మహాతల్లి. ఎనిమిది నోటుపుస్తకాలు మిగిలాయి.

రెండేళ్ల తర్వాత ఆమె తమ్ముడు మక్సూద్ జెడ్డా నుంచి సెలవు మీద వస్తూ బావకు అరచేతిలో పట్టేంత డిజిటల్ డైరీ తెచ్చాడు. "చిన్న కంప్యూటర్ అనుకో దూలాభాయ్. ఏం రాసినా దాచుకుంటది," అన్నాడు.

నోటుపుస్తకాలకు అప్పటికే చెదలు పట్టాయి. లియాఖత్ పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. గిరాకీ లేనప్పుడల్లా వేలికొసతో ఒక్కో అక్షరం నొక్కుతూ ఏడు నెలలు కూర్చున్నాడు. ఎవరైనా వాచీ పట్టుకొస్తే, "జర ఆగు, ఈ లైను కానియ్యి," అనేవాడు. ఆమె పోయాక అతను సంతోషంగా ఉన్నది ఆ ఏడు నెలలే.

పని పూర్తయ్యాక చెదలు తిన్న పుస్తకాల్ని ఏం చేయాలి? వాటిలో అల్లా పేరు, ప్రవక్త పేరు ఉన్న పాటలున్నాయి. అలాంటి కాగితాన్ని చెత్తలో వేయరు, పొట్లాలకు అమ్మరు. నీళ్లలో కలపడమే మర్యాద. అన్నిటినీ గుడ్డలో మూటగట్టి, రాయి కట్టి, సోమశిల దగ్గర పడవెక్కి నడి కృష్ణలో వదిలేసి వచ్చాడు.

"ఇంట్ల జాగ లేకనా అన్నా? ఉండనియ్యరాదు," అంది పక్కింటి పుల్లమ్మ.

"అన్ని దీంట్ల ఉన్నయి పుల్లమ్మా. ఫికర్ లేదు," అని జేబు తట్టుకున్నాడు.

కొన్నాళ్లకు తెర మీద అక్షరాలు పలచబడ్డాయి. సెల్లులు మార్చాలి. ఇంకొకరైతే భయపడి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకుపోయేవారు. ఇతను వాచీలవాడాయె, కొన్ని వేల సెల్లులు మార్చిన చెయ్యి! వెనక మూత విప్పాడు. లోపల రెండు పెద్ద సెల్లులు, పక్క అరలో చిన్నది ఒకటి. పెద్దవి మార్చేటప్పుడు రాసిందంతా పోకుండా కాపాడేది ఆ చిన్నదే. అన్నీ ఒక్కసారి తీయొద్దని మూత లోపల రాసే ఉంది. చదివితే కదా! వాచీకి చేసినట్టే మూడూ ఊడదీశాడు, పెట్రోల్లో ముంచిన బ్రష్షుతో లోపలంతా తుడిచాడు, ఆరనిచ్చి కొత్తవి వేశాడు.

అక్షరాలు నల్లగా, చక్కగా వచ్చాయి. తారీఖు అడిగింది. టైము అడిగింది. పాటలు ఒక్కటీ లేవు.

పాత సెల్లులు మళ్లీ పెట్టి చూశాడు. ఎన్నిసార్లు చూసినా అంతే. వారం రోజులు డబ్బా తెరవలేదు. ఖమర్‌తో కలిసి పాడిన ఆడవాళ్ల గడపలన్నీ తొక్కాడు. "ఆమె ఎత్తుకుంటే మేం సప్పట్లు కొట్టినం. మాటలు ఎవరు పట్టుకున్నరు భాయ్?" అన్నారు వాళ్లు. ఎవరిని తిట్టాలి? తన చేతుల్నే తిట్టుకున్నాడు. ఆ చేతులతోనే గుర్తున్న నాలుగు లైన్లు మళ్లీ ఎక్కించాడు.

మరుసటి ఏడు మక్సూద్ వచ్చి, సంగతి విని, డైరీ తీసుకుని ఆ నాలుగు లైన్లూ చదివాడు.

"గిది మా ఆపా పాట కాదు దూలాభాయ్," అన్నాడు మెల్లగా. "ఆపా గింత మెత్తగ ఎన్నడు తిట్టలే."

లియాఖత్‌కు ఆ అనుమానం ముందే ఉంది. "మరి ఎట్ల తిడుతుండె? నువ్వన్న చెప్పు," అన్నాడు.

మక్సూద్ గొంతు సవరించుకున్నాడు. రాగం వెంటనే అందింది. లియాఖత్ వేలు మీట మీద పెట్టుకుని ఎదురుచూశాడు. మక్సూద్ ఆ రాగాన్నే మళ్లీ మళ్లీ తీశాడు. మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు.