చలేసిన కంప్యూటర్

మా బుల్లి కంప్యూటర్‌కి ముసలితనం వచ్చింది. గుడివాడలో తెలిసిన షాపులో పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ, ఆ చిన్న డబ్బాలో పట్టేంత పొట్టి గ్రాఫిక్స్ కార్డు వేయించి పొద్దున ఇంటికి తెచ్చాను. ఆన్ చేస్తే రాకెట్టే! గేమ్ డౌన్‌లోడ్‌కి పెట్టి, టిఫిన్ చేసి వచ్చేసరికి కంప్యూటరే ఆగిపోయి ఉంది.

ఫోన్ చేసి షాపతన్ని ఉతికి ఆరేశాను. అతను ఓపిగ్గా, "ఒకసారి డబ్బా మీద చెయ్యేసి చూడండి సార్, వేడెక్కిందేమో" అన్నాడు.

బల్ల కిందకి వంగి చూస్తే, కంప్యూటర్ నిండా ముసుగేసుకుని ఉంది. మా అత్తగారు ఫ్రిజ్‌కీ, మిక్సీకీ కుట్టినట్టే ఇది షాపులో ఉండగానే దీనికీ కలంకారీ తొడుగు కుట్టి ఉంచి, నేను టిఫిన్ తింటుంటే తొడిగేశారు. గాలి దూరే సందు లేకుండా, అంచుకి లేసుతో సహా.

"దీనికి గాలాడాలండీ, లేకపోతే వేడెక్కి ఆగిపోతుంది" అన్నాను, వీలైనంత మర్యాదగా.

"అదేంటి అల్లుడుగారూ! ఫ్రిజ్‌కి ఎన్నేళ్ల నుంచి కప్పుతున్నాం? చల్లగానే ఉంటుంది కదండీ!"

షాపతనికి సారీ చెప్పాను. అత్తగారికి మాత్రం "బాగా కుట్టారండీ" అన్నాను. అల్లుడన్నవాడు ఇంకేం అంటాడు? మీరైతే ఏమనేవారో కాస్త త్వరగా చెప్పండి. ఆవిడ టేపు పట్టుకుని వైఫై రౌటర్‌ని కొలుస్తున్నారు.