పచ్చ రంగు పూసిన రంజన్

ఆ ఏడు కాసిన ఎండలు అలాంటిలాంటివి కావు. చిక్కడపల్లిలో మా కిరాయి ఇంటి గచ్చు మీద మధ్యాహ్నం కాలు పెడితే ఆ కాలు ఇక మనది కాదు. దానికి తోడు ఊళ్ళో ఆంధ్రా, తెలంగాణా గొడవలు. మేము కాకినాడ నుంచి వచ్చినవాళ్ళం, పక్కింటివాళ్ళు తాతల నాటి నుంచీ ఇక్కడివాళ్ళు. పిట్టగోడ మీద నుంచి రోజుకి పదిసార్లు మా అమ్మని "వదినె" అని పిలిచే పక్కింటావిడ, ఉన్నట్టుండి పలకడం మానేసింది. ఇంత ఊళ్ళో అమ్మకి ఉన్నది ఆ ఒక్క స్నేహితురాలే. పులుసు బాగా కుదిరిందని చెప్పుకోవడానికైనా మనిషి లేక, గోడ వంక చూస్తూ అన్నం తినేది.

అది చూడలేక నాన్నకి ఒక ఉపాయం తట్టింది. వాకిట్లో చలివేంద్రం పెడతాడట! దాహానికి నీళ్ళిచ్చేవాళ్ళతో ఎవరు మాత్రం మాట్లాడకుండా ఉంటారని ఆయన ధీమా. నారాయణగూడ మార్కెట్‌లో రంజన్, అంటే ఇక్కడివాళ్ళ పెద్ద మంచినీళ్ళ కుండ, కొని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అంతటితో ఊరుకుంటే ఆయన మా నాన్న ఎందుకవుతాడు? పదిమందీ చూసేది బోసిగా ఉంటే ఏం బాగుంటుందని, గేటుకి వేయగా మిగిలిన పచ్చ పెయింటు దానికి రెండు పూతలు పూశాడు. మీద తెల్లగా "చల్లని మంచినీళ్ళు" అని రాశాడు. నేనూ ఒక చెయ్యి వేశాను లెండి, అబద్ధమెందుకు.

ఆదివారం పొద్దున్నే ఒక రిక్షా అతను బోణీ చేశాడు. ఒక గుక్క తాగి, నాన్న వంక జాలిగా చూశాడు.

"సార్, గింత చాయ్‌పత్తి ఏస్తే చాయ్ అయితది."

నాన్న ముఖం మాడిపోయింది. రంజన్‌కి తడి గోనె చుట్టాడు, నీళ్ళలో వట్టివేళ్ళు వేశాడు, నీడకి జరిపాడు. ఊహూఁ! మధ్యాహ్నానికి జనం మా గేటు రాగానే వీధికి అటు పక్కకి దాటిపోతున్నారు. తలుపు వెనకాల అమ్మ, "అయ్యో రామ, ఉన్న పరువు కూడా పోయింది!" అని తల కొట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

గోడ అవతల నుంచి పక్కింటావిడ ఇదంతా చూస్తూనే ఉంది. మూతి బిగించుకుని లోపలికి పోవడం, మళ్ళీ రావడం. నాన్న మూడోసారి గోనె తడుపుతుంటే ఇక ఆవిడ వల్ల కాలేదు.

"ఏంది సార్ గిది! రంజన్‌కు ఎవరన్న రంగేస్తరా? దానికి చెమట పట్టాలె గద! అప్పుడే నీళ్ళు సల్లగయితయి. పెయింటేసి దాని ఊపిరి బంద్ చేసిన్రు!"

ఆవిడ విసవిసా లోపలికి పోయి, భర్తని కేకేసి, వాళ్ళింటి పాత రంజన్‌ని నీళ్ళతో సహా మోయించుకొచ్చి మా వాకిట్లో దింపించింది. ఆ రంజన్‌కి నల్లగా నాచు పట్టి, ఒళ్ళంతా చెమట కారుతోంది. ఆ నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమన్నాయి.

"మరి మీకో?" అన్నాడు నాన్న.

ఆవిడ ఆయన్ని దాటుకుని ముందుకొచ్చింది. తలుపు వెనకాల ఉన్న అమ్మ వైపు ఇత్తడి చెంబు చాపింది.

"వదినె, గీ రంజన్‌లకెల్లే మాకు ఒక చెంబెడు పొయ్యి. పొద్దుగాల నువ్వు నింపు, మాపటికి నేను నింపుత."

అమ్మ గబగబా వచ్చి ముంచి పోసింది. చెంబు ఎప్పుడో నిండింది. నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీదా పారుతున్నా అమ్మ పోస్తూనే ఉంది.