గోంగూర అని చెప్పిన మొక్క

స్కూలు హాల్‌వేలో గోడ పొడవునా మూడో తరగతి పిల్లల ఆకుల చార్టులు అంటించి ఉన్నాయి. టీచర్‌తో మీటింగ్‌కి ఇంకా పది నిమిషాలు ఉందని మా అమ్మాయి చార్టు వెతుక్కుంటూ నడిచాను. అన్నింటిలోనూ అవే ఆకులు: మేపుల్, ఓక్, బర్చ్. మా అమ్మాయి చార్టులో మాత్రం మేపుల్ పక్కన, టేపు కింద, ఏడు వేళ్లు విప్పినట్టున్న పచ్చటి ఆకు. దాని కింద నీలం మార్కర్‌తో ఇంగ్లీషులో రాసింది: "గోంగూర. మా అమ్మ పెంచుతుంది. మేము అన్నంలో తింటాం."

మేము ఆ ఆకు ఎప్పుడూ తినలేదు. అది గంజాయి ఆకు. దాన్ని గోంగూర అని పిల్లలకి చెప్పింది నేనే.

రెండు నెలలుగా నాలో ఉన్నది కంగారు. భయమంటే ఏమిటో ఆ గోడ ముందు తెలిసింది.

ఆ ఏడాది మే నుంచి మా ఆయనకి కీమో నడుస్తోంది. పెరుగన్నం రెండు చెంచాలు తిని ప్లేటు పక్కకి జరిపేసేవాడు. క్లినిక్‌లో సోమవారం సోమవారం బరువు చూసేవాళ్లు. నర్స్ అంకె చదవకముందే నేను ఆవిడ ముఖం చూసేదాన్ని. రెండిళ్ల అవతల ఉండే ముసలావిడ భర్త అదే జబ్బుతో పోయాడట. మిషిగన్‌లో గంజాయి వాడుకోవడానికి రోగులకి కార్డు ఇస్తారని, తన నడుం నొప్పికి తనకీ ఉందని ఆవిడే చెప్పింది. జులై ఆఖర్లో ఒక కుండీ తెచ్చి గుమ్మంలో పెట్టింది. చాలా లేటయింది, అయినా మంచు పడేలోగా కొంచెం పూత వస్తుంది, అతనికి ఆకలి పుడుతుంది అంది.

మా ఆయన ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫోన్ చేసి, ఎవరో ఫ్రెండ్ సంగతన్నట్టు అడిగాడు. లాయర్ తడుముకోకుండా చెప్పాడట: కార్డు ఇచ్చేది స్టేటు, గ్రీన్‌కార్డు ఇచ్చేది ఫెడరల్ గవర్నమెంటు, వాళ్ల లెక్కలో అది నేరమే, మీ ఫ్రెండ్‌ని దాని జోలికి వెళ్లొద్దని చెప్పండి.

అయినా పెట్టాను. ఫెన్స్ మూలలో, చిక్కుడు పందిరి వెనక. ఆ ఏడు ఆసుపత్రి తిరుగుళ్లలో గోంగూర విత్తనాలు చల్లడం కుదరలేదు. అందుకే పిల్లలు అడిగినప్పుడు ఆ అబద్ధం సులువుగా నోటికొచ్చింది. సెప్టెంబరులో మొక్క వాసన వేయడం మొదలుపెడితే కంపు కొట్టే స్కంక్ ఏదో పెరట్లోకి వచ్చి పోయిందన్నాను. మా అమ్మాయి రోజూ చిన్న క్యాన్‌తో నీళ్లు పోసి, "పప్పు ఎప్పుడు చేస్తావ్ మమ్మీ?" అని అడిగేది. పగళ్లు పొట్టివయితేగాని అది పూయదట. సెప్టెంబరు సగమయ్యాక సన్నటి తెల్లటి పూత కనిపించింది. అక్టోబరు ఆఖరుదాకా ఆగమంది ముసలావిడ. ఆ ఊళ్లో అక్టోబరు ఆఖరుదాకా మంచు పడకుండా ఉండటం అరుదు.

"ఏంటండీ, గోంగూర వేశారా? మాకొక కట్టయినా పంపలేదే!"

వెనక్కి తిరిగాను. మా అమ్మాయి క్లాస్‌మేట్ వాళ్లమ్మ, గుంటూరు ఆవిడ. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, ఇక్కడ డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉంటోంది.

"లేటుగా వేశానండీ. కోతకి రాలేదు."

"మీరు భలే పిసినారండీ బాబూ, ఉన్న ఆకు చార్టుకి అంటించి..." అంటూ వంగి చూసింది. కళ్లజోడు పైకి జరుపుకుని ఇంకా దగ్గరగా చూసింది.

"పుల్లగా ఉంటుందా ఇది?" అంది నెమ్మదిగా.

నేను చార్టు అంచున ఊడిన టేపుని వేలితో నొక్కాను.

"అన్నయ్యగారు ఎలా ఉన్నారు?"

"ఏమీ తినట్లేదండీ."

ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఎవరైనా అడిగితే గోంగూరే అనండి. మన గోంగూరలో కూడా ఇలా వేళ్లు వేళ్లుగా వచ్చే రకం ఉంది, ఇక్కడివాళ్లకి ఏం తెలుస్తుంది. నేను మా ఆయనకి కూడా చెప్పను. కానీ మొక్క తీసేయండి. ఇవాళే తీసేయండి."

మీటింగ్‌లో టీచర్ మా అమ్మాయి లెక్కల గురించి, చదవడం గురించి చెప్పింది. చివర్లో నవ్వుతూ, ఆ ఆకు అందరికీ నచ్చిందని, ఒకరోజు ఆ వంట తెచ్చి పిల్లలకి రుచి చూపిస్తారా అని అడిగింది. ఆవిడ కళ్లలోకి చూశాను. ఏమీ అంతుపట్టలేదు. తప్పకుండా తెస్తానన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన సోఫాలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. పిల్లలు పైన ఆడుకుంటున్నారు. జరిగింది చెప్పాను.

"మూడు వారాలు ఆగవే, పూత కోతకొస్తుంది," అన్నాడు.

"మూడు వారాలు ఆ చార్టు గోడ మీదే ఉంటుంది."

"ఏమవుతుంది మహా అయితే? డిపోర్ట్ చేస్తారు. ఇండియాలో కీమో చవక."

నాకు నవ్వు రాలేదు. అతనికి తిండి సహించాలని ఆ మొక్కని పెంచాను. దాన్ని తీసేయాలంటే చెప్పాల్సిన కారణం ఒకటుంది. ఇద్దరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు. ఆ సాయంత్రం అనేశాను.

"గ్రీన్‌కార్డు రాకుండా నీకేమైనా అయితే, నేనూ పిల్లలూ ఏ వీసా మీద ఉంటాం?"

అతను దుప్పటి తీసి పక్కన పెట్టాడు.

"పీకేయ్," అన్నాడు.

పొద్దుగుంకే వేళ, పక్కింటివాళ్లు కుక్కని తిప్పడానికి వెళ్లాక, పెరట్లోకి వెళ్లాను. వేరు తేలిగ్గానే ఊడొచ్చింది. నా భుజం దాకా పెరిగిన మొక్క అది. కత్తెరతో ముక్కలు చేసి, ఆకుల చెత్త వేసే కాగితం సంచిలో అడుగున పెట్టి, మీద చిక్కుడు తీగలు పీకి కుక్కాను. కాయలున్న తీగలు కూడా. చేతివేళ్లకి జిగురు అంటుకుంది. సబ్బుకి పోకపోతే శనగపిండితో రుద్దాను. ఎంత కడిగినా వాసన ఉన్నట్టే అనిపించింది.

రాత్రి భోజనంలో మా ఆయన నాలుగు చెంచాలు తిన్నాడు. నేను చూస్తున్నానని తిన్నాడు. తర్వాత బాత్‌రూమ్‌లో కుళాయి చాలాసేపు తిప్పి ఉంచాడు, లోపలి చప్పుడు నాకు వినపడకుండా. నేను అంట్లు కడుగుతూ ఇక్కడి కుళాయి కూడా తిప్పే ఉంచాను.

పొద్దున సీరియల్ తింటూ మా అమ్మాయి వెనక తలుపు అద్దంలోంచి చూసింది.

"మమ్మీ, గోంగూర ఎక్కడ? ఇట్స్ గాన్!"

"రాత్రి ఫ్రాస్ట్ పడింది నాన్నా. చచ్చిపోయింది. తీసేశాను."

ఐదేళ్ల మావాడు కుర్చీలోంచి దిగి వెళ్లి అక్క పక్కన ముక్కు అద్దానికి ఆనించాడు. "పూర్ గోంగూర," అన్నాడు.

మా అమ్మాయి ఇంకా బయటికే చూస్తోంది. పెరట్లో టమాటా మొక్కలు ఆకు వాడకుండా నిలబడి ఉన్నాయి. గడ్డి మీద తెలుపన్నది ఎక్కడా లేదు.

"మరి టొమాటోస్ బానే ఉన్నాయి కదా?"

"టమాటాలు చలికి ఆగుతాయి. గోంగూర ఆగదు," అన్నాను. దాని జడ రిబ్బన్ బిగించి ముడేస్తూ ఇంకోమాట కూడా చెప్పాను. "మీ టీచర్ గోంగూర గురించి అడిగితే అదే చెప్పు. ఫ్రాస్ట్‌కి పోయిందని చెప్పు. నువ్వు చూశావని చెప్పు."