ఎర్ర కారులో వాననీళ్ళు

మా అబ్బాయి రెండేళ్ళ కిందట ఒక ఎర్ర కారు కొన్నాడు. ఎవరో కొన్నాళ్ళు వాడుకుని అమ్మిన స్పోర్ట్స్ కారు. డిగ్రీ చదివే రోజుల్లో బస్‌స్టాపులో నిలబడి అలాంటిదాన్ని ఒకసారి చూశాడట, అప్పటి నుంచీ మనసులో పెట్టుకున్నాడు. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, అందులో కూర్చోవడం పీట మీద కూర్చోవడమే. ఎక్కడం నా అంతట నేను ఎక్కగలను, దిగడానికి మాత్రం ఇంకో మనిషి కావాలి. ఇంట్లో వాడూ, కోడలూ, నేనూ ముగ్గురం, కారులో సీట్లు రెండు. మిగిలేది ఎవరని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఈ వానాకాలం మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు వాడు గచ్చిబౌలిలోని ఆఫీసుకు బయలుదేరి, ఐదు నిమిషాల్లో మళ్ళీ పైన ఫ్లాట్‌కు వచ్చాడు. బూట్లు చేతిలో ఉన్నాయి. కారులో కాళ్ళు పెట్టుకునే చోట నీళ్ళు నిలిచాయి. అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయి, కప్పు గట్టిదే. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాలేదు.

వాడు తనకు తోచిన వైద్యం మొదలుపెట్టాడు. తలుపుల రబ్బర్లు మార్పించాడు. మ్యాట్ల కింద దినపత్రికలు పరిచాడు. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అచ్చు కాగితం కనిపిస్తే చదవకుండా వదలలేను. పొద్దున్నే ఆ తడి కాగితాలు తీసి, బాల్కనీలో ఆరేసి చదివేదాన్ని. వార్తలు ఒకరోజు ఆలస్యంగా, కాస్త వాసనతో అందేవి. వాడు లాప్‌టాప్ సంచిలో పొడి సాక్సులు పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళేవాడు.

"జర నవ్వుడు ఆపమ్మా, మస్తు మంచి కారిది" అనేవాడు.

మా కోడలు కోస్తా వైపు అమ్మాయి. ఎంత కోపంలోనైనా 'అండి' అనడం మానదు. ఆ ముక్కిన వాసన భరించలేక ఒకరోజు తేల్చి చెప్పింది. "ఇంకొక్కసారి లోపలికి నీళ్ళొస్తే అమ్మేద్దామండి." వాడు సరేనన్నాడు. అన్నాక అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ వారంలోనే మళ్ళీ వాన, మళ్ళీ నీళ్ళు. వాడు కారును అమ్మకానికి పెట్టాడు. చూడటానికి ఆదివారం వస్తామని ఎవరో ఫోన్ చేశారు.

కనీసం వాసనైనా పోగొట్టాలని శనివారం పొద్దున తెల్లాపూర్‌లో షెడ్డు ఉన్న మెకానిక్‌ను పిలిపించాడు. నేనూ కోడలూ కూడా కిందికి దిగాం. మా పార్కింగు కానుగ చెట్టు కింద. ఇంకో చోటు లేదు.

మెకానిక్ నా వయసువాడు. తలుపుల వంక చూడనే లేదు. బానెట్ ఎత్తి, ముందు అద్దం కింద, వైపర్లు ఆనుకునే చోట ఉన్న నల్ల జాలీ ఊడదీశాడు. అద్దం మీద పడ్డ వాన అక్కడికి జారి, మూలల్లో ఉన్న రంధ్రాల గుండా టైరు వెనక నేల మీదికి పోవాలట. అవి మూసుకుపోతే నీళ్ళు నిండి, ఏసీకి గాలి వెళ్ళే దారిలో కారు లోపలికి వస్తాయట. తీగతో పొడిచి, నల్లటి ముద్దలు తీసి కాగితం మీద పెట్టాడు. ఒక ముద్దను వేళ్ళతో విడదీశాడు.

"అమ్మా, ఇవి బంతిపూలే కదా?"

అతను అడగకముందే నాకు తెలిసిపోయింది. కారు కొన్న రోజు కుంకుమ బొట్టు పెట్టబోతే, పెయింట్ ఖరాబైతదని వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. పూజలేని బండి ఎలా? అందుకని శుక్రవారం శుక్రవారం రెండు బంతిపూలు, నాలుగు అక్షింతలు ఆ వైపర్ల సందులో దాచి వచ్చేదాన్ని. పెయింటుకు తగలదు, వాడికి కనబడదు. ఆ సందు అందుకోసమే చేశారేమో అనిపించేది. మరుసటి శుక్రవారానికి పూలుండేవి కావు. గాలికి పోయాయనుకున్నాను.

మా అబ్బాయి కొంచెం దూరంలో రేపు వచ్చేవాళ్ళతో ఫోనులో మాట్లాడుతున్నాడు. మెకానిక్ నా వాలకం కనిపెట్టి, గొంతు తగ్గించి, "ఫికర్ చేయకుండ్రి, చెట్టు ఆకులని చెప్త" అన్నాడు. నా పరువు దక్కేదే. కానీ ఆకులంటే, చెట్టు రేపూ ఆకులు రాలుస్తుంది, పార్కింగు మారదు, మళ్ళీ నీళ్ళొస్తాయి, కారు అమ్మక తప్పదు. కోడలు నా మొహమే చూస్తోంది. వాడు ఫోను చెవికి పెట్టుకునే మా దగ్గరికి వచ్చాడు.

"ఆకులు కావురా. నా పూలు. వారం వారం నేనే పెట్టిన" అన్నాను.

వాడు ఫోను పెట్టేసి, కాగితం మీది ముద్దను వేలితో కదిపి చూశాడు. "నా బూట్లు తడిపింది నువ్వా అమ్మా?" అన్నాడు.

"నీ బండి సల్లగుండాలనే పెట్టిన."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు. తనే వాచ్‌మన్ గది దగ్గర నుంచి బకెట్టు తెచ్చి, వాణ్ణి చెప్పులు లేకుండా లోపల కూర్చోబెట్టి, అద్దం మీద నీళ్ళు కుమ్మరించింది. నీళ్ళు టైరు వెనక నుంచి ధారగా నేల మీద పడ్డాయి. ఇంకో బకెట్టు పోసింది. లోపల నుంచి వాడు పొడి కాళ్ళు పైకెత్తి చూపించాడు.

"వాళ్ళను రావద్దని చెప్పేయండి" అంది కోడలు. అని, నా వైపు తిరిగి, "మీరు ఊరుకుని ఉంటే రేపటికి పీడ వదిలేదండీ అత్తయ్యగారూ" అంది.

వాడు అక్కడే ఫోన్ చేశాడు. ఎందుకు అమ్మడం లేదని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు. వాడు నన్ను చూసి, కాగితాన్ని చూసి, "రోగం ఏందో దొరికింది సార్, గంతే" అని పెట్టేశాడు. నన్ను కాపాడాడో, కారును కాపాడాడో నేను అడగలేదు.