వాన నడుమ స
ఆదివారం పేపర్లోని గళ్లనుడికట్టు పూరించి, ఆధారాల మంచిచెడ్డలు మా వాట్సాప్ గ్రూపులో రాస్తుంటాను. చచ్చు ఆధారమైతే ఊరుకోను. ఆ వారం ఒకటి ఇలా ఉంది: "వాన నడుమ స దూరితే ముక్కుకు తెలుస్తుంది."

పెన్ను పెట్టబోతుంటే బయట మబ్బు కమ్మింది. మబ్బు పడితే నాకు గుండెదడ. వాన మాటున ఫ్యాక్టరీలు కంపు పొగ వదులుతాయని మా పటాన్‌చెరులో అందరూ అనుకునేదే.

"జల్దీ కిటికీలు మూయిరా, పిల్లకు మళ్ల దగ్గు లేస్తది" అంది అమ్మ.

అన్నీ మూసొచ్చి గళ్లలో 'వాసన' అని నింపాను. గ్రూపులో సమీక్ష పెట్టాను: "ఈ ఆధారం మా ఊరివాళ్లకు మరీ సులువు."

అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. లోపలి గదిలో మా పాప అప్పటికే దగ్గుతోంది.