ఓపల్ వేసే ముడి

లూథర్ బార్ఫీల్డ్ నోట్లో నువ్వుగింజ నానదు. కూతురికి నేవీ నుంచి ఉత్తరం మంగళవారం వచ్చింది. బుధవారం పొద్దున్నకల్లా వాళ్ల ఊరు ఈస్ట్‌పాయింట్‌లో పెట్రోలు పోసేవాడికీ, చర్చిలో పియానో వాయించే ఆవిడకీ, చివరికి పదేళ్లుగా తనతో మాటల్లేని బావమరిదికీ కూడా తెలిసిపోయింది, రోండా పైలట్ అవుతోందని. ఉత్తరంలో ఉన్నది అది కాదు. పరీక్ష బాగా రాశారు, పైలట్‌గా చేరతారా, విమానం నడపని ఫ్లైట్ ఆఫీసర్‌గా చేరతారా, మీ మొదటి కోరిక ఏదో రెండో కోరిక ఏదో గడుల్లో రాసి సోమవారంలోగా పంపండి అని ఉంది. లూథర్ 'పైలట్' అన్న మాట దాకా చదివి, అక్కడితో ఆపి, చొక్కా తొడుక్కుని వీధిలోకి నడిచాడు.

అంతటితో ఊరుకున్నాడా? ఇంటికి వేయగా మిగిలిన నీలం రంగు తీసి తన ఆల్చిప్పల పడవ ముందు భాగాన విమానం బొమ్మ వేశాడు. అది విమానమని ఆయన చెబితే తప్ప తెలియదు. రేవులో చూసినవాళ్లంతా పెలికాన్ పక్షి బాగా కుదిరిందని మెచ్చుకున్నారు.

రోండా ఆ గడుల్ని ఖాళీగానే ఉంచింది. ఇరవై మూడేళ్ల పిల్ల, లెక్కల్లో డిగ్రీ చేసింది, ఏ విషయమూ నాన్చే రకం కాదు. అయినా నాలుగు రోజులుగా కాగితం ట్రక్కు సీటు కింద దాచి తిరుగుతోంది. కారణం కిందటి నెలది. నేవీవాళ్లు ఆమెనూ ఇంకో ఐదుగురినీ జాక్సన్‌విల్ స్థావరానికి తీసుకెళ్లి, జలాంతర్గాముల్ని వెతికే విమానాలు చూపించారు. ముందుగా, నేల మీంచి కదలని ఒక నకిలీ విమానంలో కూర్చోబెట్టి నడపమన్నారు. నడిపింది. రెండుసార్లు దించింది కూడా, ఎక్కడా గుద్దలేదు. బాగానే ఉందనుకుంది, అంతే.

ఆ తర్వాత అదే నకిలీ విమానం వెనక గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ తెర నిండా చుక్కలు, చెవుల నిండా సముద్రం లోపలి చప్పుళ్లు. ఇందులో ఏది రొయ్యల పడవ, ఏది తిమింగలం, ఏది నక్కి ఉన్న జలాంతర్గామి? ఒక లెఫ్టినెంటమ్మ కుర్చీలో ముందుకు వంగి ఒక్కో చుక్కనూ చూస్తూ, ఇది కాదు, ఇదీ కాదు అని తీసేస్తోంది. "కుడికి ఇరవై డిగ్రీలు" అని ఆమె అనగానే ముందున్న పైలట్ విమానాన్ని కుడికి తిప్పాడు. ఆమె ఫ్లైట్ ఆఫీసర్. తర్వాత రోండాని కూర్చోమన్నారు. భోజనం వేళ దాటిపోయింది, మిగిలిన ఐదుగురూ బస్సెక్కేశారు, ఎవరో వచ్చి భుజం తట్టి పిలిస్తే గానీ రోండా ఆ కుర్చీ లోంచి లేవలేదు.

మరి రాసేయొచ్చు కదా? అక్కడే వచ్చింది చిక్కు. నాకు నిజంగా ఆ పనే నచ్చిందా, లేక ముందు కూర్చోవడానికి జంకి వెనక్కి పోతున్నానా? ఈ ప్రశ్నకి జవాబు లేకుండా గడి నింపితే జీవితాంతం తన కళ్లలోకి తనే చూసుకోలేదు. పైగా నాన్న ఊరంతా చాటింపు వేసి కూర్చున్నాడు.

శనివారం ఓపల్‌కి మణికట్టు వాచింది. ఓపల్ రోండా వాళ్లమ్మ. లూథర్ పడవ అంచున నిలబడి, పట్టకారులా కలిసే పన్నెండడుగుల పట్టుకర్రలతో అఖాతం అడుగు నుంచి తినే ఆల్చిప్పలు లాగి, పడవకి అడ్డంగా వేసిన చెక్క పలక మీద కుమ్మరిస్తాడు. ఓపల్ ఆ పలక ముందు కూర్చుని ఇనప కొలబద్దతో కొలిచి ఏరుతుంది. మూడంగుళాలున్నది బస్తాలోకి, లేనిది చట్టం ఒప్పదు గనక తిరిగి నీళ్లలోకి. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. అమ్మ చెయ్యి బాగాలేదని ఆ రోజు పలక ముందు రోండా కూర్చుంది. తప్పించుకోడానికి చోటులేని ఆ పడవలోనే మాట బయటపెట్టింది.

"నాన్నా, సోమవారం పంపాల్సిన కాగితం గురించి చెప్పాలి."

"పంపెయ్. దానికి నన్నడగడమెందుకు, కెప్టెన్‌గారూ?"

"పైలట్ అని రాయాలని లేదు. ఫ్లైట్ ఆఫీసర్ అని రాద్దామనుకుంటున్నా."

"అంటే ఏంటి?"

"వెనక కూర్చుని వెతికేవాళ్లు. ఎటు పోవాలో పైలట్‌కి చెప్పేవాళ్లు."

పట్టుకర్రలు నీళ్లలోనే ఆగిపోయాయి. "వెనక సీటా? ఊరంతా చెప్పుకున్నానే పిల్లా! పడవ మీద బొమ్మ కూడా వేశాను!"

"అది పెలికాన్ అనుకుంటున్నార్లే అందరూ."

లూథర్ నవ్వలేదు. "భయమేసిందా? నిజం చెప్పు."

సరిగ్గా పుండు మీదే వేలు పెట్టాడు. రోండా తల దించుకుని, "తెలీదు" అంది.

"తెలీదా! నేనిక్కడ నిలబడి నడుములు పడిపోయేట్టు లాగింది ఎందుకు, నువ్వు కూడా మీ అమ్మలా కూర్చుని ఏరుకోడానికా? ఏరడం కూడా ఒక పనేనా? కళ్లున్న ప్రతివాడూ ఏరతాడు."

తనని ఎన్నన్నా పడేది. అమ్మనంటే మాత్రం రోండాకి ఒళ్లు మండింది. లేచి నిలబడింది.

"అయితే నువ్వే ఏరు."

"ఏంటీ?"

"కర్రలు ఇటివ్వు. కూర్చో ఇక్కడ. కళ్లున్నాయిగా నీకు."

"పిచ్చా నీకు? నడుం విరుగుతుంది."

"విరిగితే అతికించుకుంటా. జరుగు."

లూథర్‌కి పౌరుషం ముందు పుట్టి ఆయన తర్వాత పుట్టాడు. కర్రలు కూతురి చేతిలో పెట్టి పలక ముందు చతికిలబడ్డాడు.

మొదటి రెండు సార్లూ రోండాకి బురద తప్ప ఏమీ రాలేదు. తండ్రి ఈల వేశాడు. మూడోసారి కర్రల చివర గరగరమని తగిలింది, ఒడుపు దొరికింది. బూట్లు అంచుకి ఆనించి, మోకాళ్లు వంచి, చిన్నప్పటి నుంచీ ఆయన లాగడం చూసిన తీరునే లాగింది. అరచేతులు బొబ్బలెక్కాయి. పడవ ఊగింది, ఆమె పడలేదు. మధ్యాహ్నానికి ఆరు బస్తాలు నిండాయి. లూథర్ లాగిన రోజున కూడా ఇంతే.

అప్పుడు తట్టింది రోండాకి. ముందు నిలబడటానికి తనకేం భయం లేదు, చేతనవుతుంది కూడా. కానీ పొద్దుటి నుంచీ తన చూపు నీళ్ల మీద లేదు, తండ్రి ముందున్న పలక మీదే ఉంది. చేతులు దురద పెడుతున్నాయి, ఆ ఇనప కొలబద్ద లాక్కుని తనే ఏరాలని.

"అది చిన్నది నాన్నా. ఆ పక్కది కూడా."

"నోరు మూసుకుని లాగు!"

రోండా నోరు మూసుకుంది, కానీ లోలోపల నవ్వుకుంటూ లాగింది. నాలుగు రోజుల బరువు ఆ నవ్వులో దిగిపోయింది.

రేవులో ఆల్చిప్పలు కొనే ఫ్లాయిడ్‌ది విచిత్రమైన అలవాటు. అందరి బస్తాలూ విప్పి చూస్తాడు, బార్ఫీల్డ్‌లవి మాత్రం విప్పకుండానే లోపల పెట్టిస్తాడు. అది తన పేరు మీది గౌరవమని లూథర్ నమ్మకం. ఆ మాట కూడా ఊళ్లో వినని చెవి లేదు. ఆ రోజు ఫ్లాయిడ్ మొదటి బస్తా దగ్గరికొచ్చి, మూతి కట్టిన తాడుని చేత్తో పట్టుకుని చూశాడు. లూథర్ దాన్ని పడవని కట్టేసినట్టు కట్టాడు.

"ఇవాళ ఓపల్ రాలేదా?"

"మణికట్టు వాచింది. అయితే ఏంటి?"

ఫ్లాయిడ్ చాకుతో తాడు కోసి బస్తా బల్ల మీద గుమ్మరించాడు. వరసలో ఉన్నవాళ్లంతా దగ్గరికొచ్చారు.

"రెండున్నర. రెండుంబావు. ఇదేంటయ్యా లూథర్, ఆల్చిప్పా, చొక్కా గుండీయా?"

అందరూ గొల్లుమన్నారు. లూథర్ మొహం కందగడ్డ అయింది. "ఇరవై ఆరేళ్లలో నా బస్తా ఎప్పుడైనా విప్పావా ఫ్లాయిడ్?"

"నీ బస్తా నేనెప్పుడు చూశానయ్యా? ఓపల్ ముడి చూసి లోపల పెట్టించా. రెండు చుట్లు, తోక లోపలికి. ఆ ముడి ఉంటే చిన్నది ఒక్కటి కూడా ఉండదు. లాగేవాళ్లు ఈ తీరం పొడుగునా ఉన్నారు."

లూథర్ వంగి, ఫ్లాయిడ్ కోసిన తాడు ముక్కని తీసుకుని చూశాడు.

రోండా తండ్రి చేతిలోంచి ఇనప కొలబద్ద తీసుకుంది. మిగిలిన ఐదు బస్తాలూ బల్ల మీదకి వంచింది. అంటుకున్న గుత్తిని ఒక్క దెబ్బతో విడగొట్టడం, కొలవడం, కుడికో ఎడమకో తోయడం. కాసేపటికి కొలవడం కూడా మానేసింది, చెయ్యి పడితేనే తెలిసిపోతోంది. అనుమానం వచ్చి ఫ్లాయిడ్ ఆమె ఎడమకి తోసిన దాన్నొకదాన్ని తీసి కొలిచాడు. వెంట్రుకవాసి తక్కువ. తిరిగి అక్కడే పెట్టాడు. ఆరు బస్తాలు నాలుగున్నరయ్యాయి. రోండా మూతులు కట్టింది, రెండు చుట్లు, తోక లోపలికి.

ఫ్లాయిడ్ ముళ్లు చూశాడు. చాకు మడిచి జేబులో వేసుకున్నాడు. "లోపల పెట్టండ్రా" అన్నాడు.

చిన్నవాటిని ఎండక ముందే నీళ్లలో వదలాలి. లూథర్ ఎవరినీ సాయం పిలవకుండా వాటిని పడవలోకి మోసుకుని వెళ్లి, గంట తర్వాత తిరిగొచ్చాడు. అప్పటికి రోండా ట్రక్కు బానెట్ మీద కాగితం పరిచి రాస్తోంది. బొబ్బల చేత్తో పెన్ను సరిగా నిలవడం లేదు. అక్షరాలు వంకరపోయాయి గానీ మొదటి గడిలో ఫ్లైట్ ఆఫీసర్ అని పెద్దగా కనబడుతోంది.

లూథర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆ ముందు కూర్చునేవాడు నీ మాట వింటాడా మరి?"

"వినాలి నాన్నా. లేకపోతే ఉత్త సముద్రం మీద తిరిగొస్తాడు."

"వాడు నాలాంటి మొండి వెధవైతే?"

"నీతో ఇరవై మూడేళ్లు వేగాను. వాడొక లెక్కా?"

లూథర్ పెద్దగా నవ్వాడు. తర్వాత కాగితం మీదకి వంగి, "రెండో గడి ఖాళీగా ఉందేం?" అన్నాడు.

"రెండో కోరిక లేదు."

ఇంటికెళ్లేసరికి ఓపల్ చెయ్యి ఐసు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. జరిగిందంతా లూథరే చెప్పాడు, తన పరువు పోయిన ముక్క కూడా దాచకుండా. అంతా విని ఓపల్ కూతుర్ని ఒకటే అడిగింది.

"తోక లోపలికి దోపావా?"

"దోపానమ్మా."

"ఊఁ" అంది ఓపల్. ఆవిడ లెక్కలో అది ఉపన్యాసం.

రోండా మొదటి కోరికే నెగ్గింది. రెండేళ్ల శిక్షణలో తోటివాళ్లు మూడో వంతు మంది ఇంటికెళ్లిపోయారు. ఆమె తన తరగతిలో మొదట నిలిచింది. శిక్షణ పూర్తయిన గుర్తుగా రెక్కల బిళ్ల పెట్టే రోజు వచ్చింది. అది మనిషి ఛాతీ మీద ఇంటివాళ్లు ఎవరైనా గుచ్చాలి, అదీ ఆనవాయితీ. ఈలోగా లూథర్ ఒక సంగతి కనిపెట్టి, ఈస్ట్‌పాయింట్ అంతా పంచిపెట్టాడు.

"పైలట్ బిళ్ల మీద లంగరు ఒకటే. మా పిల్ల బిళ్ల మీద రెండు. ఎవరు గొప్పో మీరే చెప్పండి." పెట్రోలు పోసేవాడు ఇది పదకొండు సార్లు విన్నాడు.

పేరు పిలిచారు. వారం రోజులు దిండు మీద గుచ్చి సాధన చేసిన లూథర్, కొత్త కోటులో బిగుసుకుపోయి, రెక్కల పెట్టె పట్టుకుని ముందుకి నడిచాడు. కూతురి ముందు ఆగాడు. వెనక్కి తిరిగి, వెంట వచ్చిన ఓపల్ చేతిలో పెట్టెని పెట్టాడు.

"నేను లాగేవాణ్ని. ఇది నీ పని" అన్నాడు.

హాలంతా చూస్తోంది. ఓపల్‌కి తొందరేం లేదు. బంగారు రంగు రెక్కల్ని వెలుతురులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పింది. తర్వాత చేతిసంచి తెరిచి ఇనప కొలబద్ద తీసింది. రోండాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఓపల్ రెక్కల్ని కొలతలో ఈ కొస నుంచి ఆ కొసకి పెట్టి చూసింది.

"పావంగుళం తక్కువ" అంది.

"అమ్మా!"

"నీళ్లలోకి విసిరెయ్యాలి మామూలుగా అయితే."

కొలబద్దని సంచిలో పడేసి, వాపు తగ్గినా వంకర మిగిలిపోయిన చేత్తో కూతురి ఛాతీ మీద రెక్కలు గుచ్చింది. వెనక పిన్ను పడిందో లేదో వేలితో తడిమి చూసుకుంది.

"ఇన్నేళ్లలో చిన్నదాన్ని ఉంచుకోవడం ఇదొక్కటే" అంది ఓపల్.